పద్నాలుగు జల్లెడలు

ఆ వీధిలో పద్నాలుగు ఇళ్ళు, ఒకటే జల్లెడ. వినేవాళ్ళకు విడ్డూరంగా ఉంటుంది కానీ పదకొండేళ్ళు అలాగే గడిచింది. మరలో ఆడించిన పిండి ఊకతోనూ, సన్నటి రాతి నలుసులతోనూ వచ్చేది. బజారులో కొన్న జల్లెడల్లోంచి ఆ నలుసులు దర్జాగా దిగిపోయేవి. వాటిని ఆపగలిగిన జల్లెడ ఒక్కటే ఉండేది. దాన్ని అల్లినవాడు ఆ వీధివాడే. సన్నతీగ పనిలో అంత చెయ్యి తిరిగిన మనిషి, రెండోది మొదలుపెట్టకముందే దగ్గుతో పోయాడు. అతను పోయిన నెలకి అతని భార్య దాన్ని తీసుకెళ్ళి వీధి మొదట్లో పాలావిడ గుమ్మంలో పెట్టింది.

"నీ పని కాగానే పక్కింట్లో ఇచ్చెయ్. అలా చేతులు మారి మా ఇంటిదాకా రానీ" అంది.

అప్పట్నుంచీ అది తెల్లారగానే పాలావిడ ఇంట్లో బయల్దేరి ఇల్లిల్లూ తిరిగేది. ఎవరి పిండి వాళ్ళు జల్లించుకుని, అంచు మీద రెండు దెబ్బలు కొట్టి దులిపి, పక్కింటి మనిషి చేతికే ఇవ్వాలి. గుమ్మంలో పడేసి పోకూడదు. ఇంకో కట్టుబాటు కూడా ఆ జల్లెడ ఇచ్చినావిడే పెట్టింది. "నీకు జల్లెడ రాలేదనుకో, కూర్చుని తిట్టుకోకు. నీ ముందు వంతు ఎవరిదో వాళ్ళింటికి వెళ్ళి చూడు."

ఆవిడది పదమూడో ఇల్లు. పద్నాలుగోది, వీధి చివరిది, టైలరమ్మది. ఆవిడ టైలరమ్మకు స్వయానా పిన్ని. తల్లి పోయాక ఈ పిన్నే పెంచింది, మిషను తొక్కడం నేర్పించింది, పక్కింటి అబ్బాయికే ఇచ్చి పెళ్ళి చేసి గోడ అవతల పెట్టుకుంది. అక్షరాలు మాత్రం పిన్నికి రావు. ఏ కాగితం వచ్చినా పట్టుకుని గోడ ఇవతలికి రావలసిందే. "చదివి పెట్టవే తల్లీ, అందులో ఏం తిట్టారో" అనేది.

జల్లెడ ఆగితే వీధంతా కదిలేది. ఒకసారి ఏడో ఇంట్లో ఆగింది. వెళ్ళి చూస్తే ఆ ఇంటి కోడలు నొప్పులతో నేల మీద పడి ఉంది, అత్త పొలానికి పోయింది. ఇంకోసారి నాలుగో ఇంట్లో ఆగింది. లోపల గడియ పెట్టుకుని ఆ ఇల్లాలు వాచిన మొహంతో కూర్చుంది. మిగతా పదమూడు మందీ పిండిగిన్నెలు పట్టుకొచ్చి ఆ వాకిట్లో చేరారు. ఆ మొగుడు బయటికొచ్చి తల వంచుకునేదాకా ఒక్కరూ లేవలేదు, ఆ పూట వీధిలో పొయ్యి వెలగలేదు. మళ్ళీ ఆ ఇంట్లో జల్లెడ ఆగిన రోజు లేదు. ఇదంతా ఒక సంఘమని గానీ, దానికి పేరుండాలని గానీ వాళ్ళెవరికీ తోచలేదు.

తోచింది ఫైలమ్మకు. ప్రభుత్వ ఆఫీసు నుంచి వచ్చే చిన్న వయసు ఆఫీసరుకు వీధి పెట్టిన పేరది. చంకలో ఫైలు లేకుండా ఆ పిల్లను ఎవరూ చూడలేదు. చెడ్డపిల్ల కాదు. ఎండలో నడిచొచ్చి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, అందరినీ పాలావిడ పాక ముందు కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. మీరు ఇప్పటికే ఒక సంఘం, రిజిస్టరు చేసుకుంటే చాలు, ఆఫీసు మీ మాట వింటుంది, కావలసినవి వస్తాయి అని.

"మీ సంఘం ఎప్పుడు మొదలైంది?" అని కలం తీసింది.

"మా ఆయన పోయిన ఏడు" అంది పిన్ని.

"అధ్యక్షురాలు ఎవరు?"

"జల్లెడ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే."

ఫైలమ్మ కూడా నవ్వింది. కానీ ఆ జవాబు రాయడానికి ఫారంలో గడి లేదు. అధ్యక్షురాలు సంతకం పెట్టగలిగిన మనిషై ఉండాలట. పాలావిడ మూడు రోజులు కూర్చుని తన పేరు రాయడం నేర్చుకుని అధ్యక్షురాలైంది. టైలరమ్మకు చదువుంది కాబట్టి కార్యదర్శి అయింది. పిన్ని వేలిముద్ర వేసి, వేలు కొంగుకు తుడుచుకుని, "ఈ వేలితో ఇంతకుముందు ఎన్ని గిన్నెలు తోమానో, ఇన్నాళ్ళకి దీనికి మర్యాద దొరికింది" అంది. అప్పటికి ఆవిడకు ఏ బాధా లేదు.

ఫారంలో చివరి గడి 'సంఘం తక్షణ అవసరం' అని ఉంది. అందరినీ అడిగి రాయమంది ఫైలమ్మ. టైలరమ్మ అడగలేదు. ఇక్కడ ఉన్నమాట చెప్పుకోవాలి. చివరి ఇల్లు కావడం ఆమెకు పదకొండేళ్ళుగా కడుపుమంట. జల్లెడ చేతికొచ్చేసరికి రోజూ పొద్దెక్కేది. పైగా సాయంత్రం దాన్ని మళ్ళీ పాలావిడ ఇంటికి చేర్చే పని కూడా ఆమెదే. మిషను మీద గుడ్డలు గుట్టగా ఉండేవి, పిండి గిన్నెలో ఎదురుచూసేది, ఇంట్లో ఆకలి కేకలు మొదలయ్యేవి. ఫారం నింపుతున్న రోజున కూడా జల్లెడ రాలేదు. పదో ఇంట్లో కబుర్లలో పడిందట. టైలరమ్మ ఒళ్ళు మండి, ఆ గడిలో గుండ్రటి అక్షరాలతో 'సన్నతీగ జల్లెడలు, పద్నాలుగు' అని రాసేసింది.

మూడు నెలలకు వచ్చాయి. ఏ ఊళ్ళో చేయించారో గానీ బంగారంలాంటి జల్లెడలు, నలుసును పట్టి ఆపేవి. పద్నాలుగు మందిని వరసగా నిలబెట్టి ఫొటో తీశారు. అందరి మొహాలూ వెలిగిపోయాయి, పిన్ని మొహం తప్ప. ఆ సాయంత్రం ఆవిడ కొత్త జల్లెడను చంకన పెట్టుకుని టైలరమ్మ వాకిట్లోకి వచ్చింది.

"ఇవి ఎవరు అడిగారే?"

"నేనే రాశా పిన్నీ. తప్పేముంది?"

"ఎవరి జల్లెడ వాళ్ళకుంటే ఇంక ఎవరింటికి ఎవరొస్తారు?"

"జల్లెడ కోసమే వస్తామా? ఊరికే కూడా వస్తాం. మనుషులం కామా?"

"చూద్దాం" అంది పిన్ని.

ఆ 'చూద్దాం' టైలరమ్మకు ముల్లులా గుచ్చుకుంది. "మీ ఆయన జల్లెడకి విలువ పోయిందనేగా నీ ఏడుపు?" అనేసింది. నోరు జారాక వెనక్కి తీసుకునే దారి ఉంటుంది, ఆ క్షణంలోనే కాళ్ళ మీద పడితే. ఆమె పడలేదు, మిషను మీద కూర్చుంది. పిన్ని కొత్త జల్లెడను చంకన సర్దుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పాత జల్లెడ పాలావిడ ఇంటి నుంచి మనిషి చేత పిన్ని ఇంటికి చేరింది. ఇంకెవరికీ దానితో పని లేదు.

పిన్ని మీటింగులకు రావడం మానేసింది. నెలకొక మీటింగు, వచ్చినవాళ్ళకు హాజరు, రానివాళ్ళకు గైర్హాజరు. వరసగా మూడుసార్లు రాకపోతే సభ్యత్వం ఎందుకు తీసెయ్యకూడదో చెప్పమని నోటీసు ఇవ్వాలని నిబంధన. మూడో నెల దాటింది. శనివారం ఫైలమ్మ ఫైళ్ళు చూడటానికి వస్తోంది. టైలరమ్మ గోడ అవతలికి వెళ్ళి "రావే పిన్నీ, తప్పు నాదే" అంటే సరిపోయేది. నాలుగడుగులు. ఆమెకూ తెలుసు. మంగళవారం పొద్దున్న రెండుసార్లు గుమ్మందాకా వచ్చి వెనక్కి తిరిగింది. ముందు ఆవిడే మాట్లాడాలి, పెద్దది కదా అనుకుంది. చివరికి రూలు అందరికీ ఒకటేనని తనకు తాను చెప్పుకుని, నోటీసు రాసి, సంఘం ముద్ర వేసి, మధ్యాహ్నం పిన్ని తలుపు కిందినుంచి లోపలికి తోసి వచ్చేసింది. చదువు రాని మనిషికి కాగితం పంపింది. ఆ కాగితం చదివి చెప్పాల్సింది కూడా తనేనని ఆమెకు అప్పుడు గుర్తే రాలేదు.

బుధవారం పిన్ని తలుపు తెరుచుకోలేదు. టైలరమ్మ చూసింది. కాగితం ఎవరి చేతో చదివించుకుని మూతి ముడుచుకుందనుకుంది. ఆమెకు బడిపిల్లల యూనిఫారాలు నలభై జతలు కుట్టే పని ఉంది, మిషను ఆపకుండా తొక్కింది. పన్నెండో ఇంటావిడ వాకిట్లోంచి వెళ్తూ, "మీ పిన్ని అలక ఇంకా తీరలేదా?" అని నవ్వింది. ఊరి కబుర్లన్నీ మోస్తుంది కాబట్టి ఆవిణ్ణి రేడియో అంటారు. ఆ రేడియోకు కూడా తలుపు తట్టాలని అనిపించలేదు. గురువారమూ అంతే. పిన్ని పొయ్యిలోంచి పొగ రాలేదు. ఎంత పంతమో అనుకుంది టైలరమ్మ.

శుక్రవారం పొద్దెక్కాక వెళ్ళింది. నోటీసు ముట్టినట్టు వేలిముద్ర వేయించుకోకపోతే రేపు ఫైలమ్మ ఒప్పుకోదు. సిరాపెట్టె, రసీదు కాగితం పట్టుకుని తలుపు కొట్టింది. పలకలేదు. గట్టిగా పిలిచింది. లోపల ఏదో మూలుగు. సిరాపెట్టె అక్కడే జారిపోయింది. తన పెరట్లోకి పరిగెత్తి, గోడ ఎక్కి దూకింది.

పిన్ని గిన్నెలు తోమే రాయి పక్కన ఒక పక్కకు పడి ఉంది. కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. పెదాలు పగిలిపోయాయి. చీర తడిసి, ఆరి, మళ్ళీ తడిసింది. తోమని గిన్నెల చుట్టూ ఈగలు. మంగళవారం సాయంత్రం గిన్నెలతో వచ్చి పాచి మీద కాలు జారిందట. టైలరమ్మ ఆమె తల ఒళ్ళోకి తీసుకుంది. కళ్ళు కొంచెం తెరుచుకున్నాయి.

"జల్లెడ రాలేదని చూడ్డానికొచ్చావా?" అంది పిన్ని.

టైలరమ్మ కొంగుతో ఈగల్ని తోలింది.

"పిలిచానే. నీ మిషను ఆగలేదు" అంది పిన్ని. నిందగా కూడా అనలేదు.

వీధంతా వచ్చింది. అప్పుడు అందరూ వచ్చారు, అందులో లోటేమీ లేదు. తలుపు ఊడదీసి దాని మీద పడుకోబెట్టి, పాలావిడ బండిలో ఆసుపత్రికి చేర్చారు. డాక్టరు చూసి తుంటి విరిగిందన్నాడు, కిడ్నీలు దెబ్బతిన్నాయన్నాడు. మొదటిరోజే తీసుకొచ్చి ఉంటే అని మొదలుపెట్టి, టైలరమ్మ మొహం చూసి ఆగిపోయాడు.

ఆదివారం పిన్నికి కాస్త తెలివొచ్చింది. నర్సు మందులు పెట్టి వెళ్ళాక, చెయ్యి తలగడ కిందికి పోనిచ్చి ఏదో తడిమింది. నలిగి, తడిసి, నాలుగు మడతలైన కాగితం తీసింది. పడిపోయినప్పుడు నడుముకు దోపుకుని ఉందట, బట్టలు మారుస్తూ నర్సు దాచి ఇచ్చింది.

"ఇది తలుపు కింద పడుంది. గిన్నెలు తోముకుని నీ దగ్గరికి తెద్దామనుకున్నా. ఇదైనా వంకగా నీతో మాట్లాడొచ్చని. చదివి పెట్టవే తల్లీ, ఏం తిట్టారో" అంది.

టైలరమ్మ కాగితం విప్పింది. సగం అక్షరాలు అలుక్కుపోయినా ముద్ర చెక్కుచెదరలేదు. తన దస్తూరి తనకే పరాయిదిలా ఉంది. 'మీ సభ్యత్వమును ఏల రద్దు చేయరాదో' అన్న వరస మీద కళ్ళు ఆగిపోయాయి.

"ఏంటే, అంత ఘోరంగా ఉందా?"

"లేదు పిన్నీ" అని చదవడం మొదలుపెట్టింది. "ఈ నెల మీటింగుకు మీరు తప్పకుండా రావాలి అని రాశారు. మీరు లేకపోతే మీటింగే లేదు అని. అందరూ మిమ్మల్ని అడుగుతున్నారు అని."

"ఇంకా?"

"కార్యదర్శి తప్పుగా మాట్లాడిందనీ, చిన్నదనుకుని క్షమించమనీ."

పిన్ని కళ్ళు మూసుకుంది. మొహంలో పాత కొంటెతనం కొంచెం కదిలింది. "అంత మాటకి కాగితం ఎందుకే. గోడ మీంచి పిలిస్తే రానూ" అంది.

అబద్ధమని ఆమెకు తెలిసిందో లేదో టైలరమ్మకు ఇప్పటికీ తెలీదు. అడగడానికి వ్యవధి లేకపోయింది. మంగళవారం తెల్లవారుతుండగా పిన్ని పోయింది.

ఆ నెల మీటింగులో ఫైలమ్మ కూడా ఏడ్చింది. ఏడుస్తూనే, సభ్యుల సంఖ్య పదమూడు అయినట్టు తీర్మానం రాయాలని గుర్తుచేసింది. అది ఆ పిల్ల ఉద్యోగం. టైలరమ్మ రాసింది. తర్వాత పిన్ని ఇంటి మేకుకు వేలాడుతున్న పాత జల్లెడను తెచ్చి మధ్యలో పెట్టింది.

"దీన్ని మళ్ళీ తిప్పుదాం. రోజూ. ఎవరికి రాకపోతే వాళ్ళు వెళ్ళి చూద్దాం" అంది.

కాదన్నవాళ్ళు లేరు. రేడియో అయితే దాన్ని కళ్ళకద్దుకుంది. పిన్ని ఉండగా ఒక్కరోజు తలుపు కొట్టలేకపోయానని అందరిలోనూ ఒప్పుకుంది. ఏకగ్రీవంగా తీర్మానం రాసుకున్నారు, సంతకాలు పెట్టారు.

మొదటిరోజు జల్లెడ ఇల్లిల్లూ ఊరేగింది. ప్రతి ఇంట్లోనూ పిన్ని మాట, కన్నీళ్ళు, మంచినీళ్ళు. పన్నెండో ఇంటి నుంచి తాళం వేసిన ఇల్లు దాటి రేడియోనే టైలరమ్మ చేతికి తెచ్చి ఇచ్చింది. రెండోరోజు కన్నీళ్ళు తగ్గాయి. మూడోరోజు గుమ్మాల్లో పెట్టి వెళ్ళిపోయారు. అప్పటికే పిండి జల్లించి, వండుకుని, తిని ఉన్నారు. ఖాళీ జల్లెడను ఒకరి ఇంటి నుంచి ఒకరి ఇంటికి మొయ్యడమే మిగిలింది.

నాలుగోరోజు పొద్దెక్కినా రాలేదు. టైలరమ్మ రేడియో ఇంటికి పరిగెత్తింది, ఆమెకూ రాలేదు. ఇద్దరూ పదకొండో ఇంటికి, ముగ్గురై పదో ఇంటికి, అలా వెనక్కి వెనక్కి పరిగెత్తుతూ, ఒకరి వెనక ఒకరు చేరి, చివరికి అందరూ రొప్పుతూ పాలావిడ వాకిట్లోకి వచ్చి పడ్డారు. పాలావిడ నిక్షేపంలా ఉంది. ముందు పిండి పళ్ళెం, చేతిలో కొత్త జల్లెడ. పాతది వెనక మేకుకు వేలాడుతోంది.

"ఏమైంది? ఎవరికేమైంది?" అని ఆవిడే కంగారుగా లేచింది.

పాలావిడ వాళ్ళ చూపుల వెంట మేకు వైపు చూసింది. మొహం చిన్నబోయింది.

"దూడకి బాలేదు, పొద్దున్నుంచీ దానితోనే సరిపోయింది. మర్చిపోయా" అంది. తర్వాత, ఎలాగూ అనాల్సిందే కదా అన్నట్టు, "చేతిలో జల్లెడ పెట్టుకుని జల్లెడ కోసం ఎన్నాళ్ళని పరిగెత్తుతామమ్మా? రోజుకొకసారి గుండె చేత్తో పట్టుకుని. మీరే చెప్పండి" అంది.

ఆవిణ్ణి ఏమనగలరు? నిజమే చెప్పింది. ఒక్కొక్కరే చెంగులు సర్దుకుంటూ వెళ్ళిపోయారు. కొందరికి కోపం వచ్చింది. అది పాలావిడ మీద కాదు, ఊరికే పరిగెత్తించిన టైలరమ్మ మీద.

ఇంటికొచ్చి టైలరమ్మ చాలాసేపు మిషను ముందు కూర్చుంది, తొక్కలేదు. గోడ అవతల ఏ చప్పుడూ లేదు. పిన్ని అన్న 'చూద్దాం'కు ఇప్పుడు అర్థం తెలిసింది. ఊరికే వస్తామని, మనుషులం కామా అని తను ఎంత ధీమాగా అంది. నాలుగడుగుల దూరం నుంచి మూడు రోజులు చూసింది, ఊరికే వెళ్ళలేకపోయింది. జల్లెడ రాకపోతే మాత్రం బుధవారం పొద్దున్నే తిట్టుకుంటూ వెళ్ళి తలుపు కొట్టి ఉండేది. కడుపు కాలి వెళ్ళేది, అయినా వెళ్ళేది. పిన్ని బతికేది.

లేచి తన కొత్త జల్లెడ తీసింది. బట్టలు కోసే పెద్ద కత్తెరతో తీగవల చుట్టూ కత్తిరించింది. సన్నతీగకు కత్తెర మొద్దుబారింది, వేళ్ళు తెగాయి. వల ఊడి కింద పడింది, చేతిలో ఉత్త చట్రం మిగిలింది. భర్త చూసి, "పిచ్చా నీకు? రేపట్నుంచి దేంతో జల్లిస్తావ్?" అన్నాడు.

మర్నాడు తెల్లారి గిన్నెలో పిండి పోసుకుని గుమ్మంలో కూర్చుంది. వీధిలో ఇంటింటా జల్లెడలు ఆడుతున్న చప్పుడు ఒకేసారి వినిపించింది. అన్ని ఇళ్ళలోనూ పొగ లేచింది. ఎండ గుమ్మందాకా వచ్చింది, గుమ్మం దాటింది. జల్లెడ రాలేదు. పాత కట్టుబాటు ప్రకారం, రానివాళ్ళు తమ ముందు వంతు ఇంటికి వెళ్ళి చూడాలి. ఆమె గిన్నె పట్టుకుని లేచి, నాలుగడుగులు నడిచి, పిన్ని గుమ్మం ముందు నిలబడింది. తలుపుకు తాళం వేసి ఉంది.